జిరో లోయకు హైదరాబాద్ నుంచి: మడిగట్ల మీద నడిచే ప్రయాణానికి సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో అరుణాచల్ ప్రదేశ్ అనగానే ట్రావెల్స్ వాళ్ళు తవాంగ్ ప్యాకేజీ కాగితం చేతిలో పెడతారు. మంచు, బౌద్ధారామం, సెలా కనుమ, నాలుగు ఫొటోలు, తిరుగు టికెట్. అదే రాష్ట్రంలో ఉన్న జిరోకు ఆ లెక్క పనికిరాదు. అక్కడ చూడాల్సింది శిఖరమూ కాదు, జలపాతమూ కాదు. అపతానీలు అనే గిరిజనులు తరతరాలుగా చేత్తో చదును చేసి, వాగులు మళ్ళించి, గట్లు వేసి నిలబెట్టుకున్న లోయ అది. ఊళ్ళు, మడులు, వెదురుతోపులు, పైన అడవి అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. పొలమే అక్కడ చూడాల్సిన చోటు. అందుకే విమానం టికెట్ ధర చూసి కాదు, పంట క్యాలెండర్ చూసి తేదీలు వేసుకోవాలి.

ఈ మాట నేను దెబ్బతిని చెబుతున్నాను. మొదటిసారి ఒక్కడినే ఫిబ్రవరిలో వెళ్ళాను. టికెట్ చవకగా దొరికిందని. కోసేసిన మొదళ్ళు, బురద, వణికించే చలి. రెండు రోజులు రజాయి కింద గడిపి వచ్చాను. రెండోసారి సిద్దిపేట దగ్గర ఇప్పటికీ వ్యవసాయం చేసే మా బాపును తీసుకుని అక్టోబరు మొదటి వారంలో వెళ్ళాను. ఈ మార్గదర్శిలో పనికొచ్చే సంగతుల్లో సగం ఆయన కంటితో చూసినవే.

(పేరు సంగతి కూడా చెప్పేస్తాను. స్పెల్లింగ్ చూసి మన వాట్సాప్ గ్రూపుల్లో ‘సున్నా’ అని జోకులు వేస్తారు. పట్టించుకోకండి. టికెట్ల దగ్గర మాత్రం ‘జిరో’తో పాటు ‘హపోలి’ అనే పేరు కూడా గుర్తుంచుకోండి. బజారు, బ్యాంకులు, సుమో స్టాండు ఉండేది హపోలిలో. పాత జిరో కొన్ని కిలోమీటర్ల అవతల ఉంటుంది.)

ముందు ఒక అపోహ తీర్చుకుందాం

జిరో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం అని చాలాచోట్ల రాసేస్తున్నారు. కాదు. ‘అపతానీ సాంస్కృతిక భూదృశ్యం’ పేరుతో 2014లో భారతదేశం తాత్కాలిక జాబితాలో చేర్చింది. అంటే పోటీకి పేరు ఇచ్చారు, ఫలితం ఇంకా రాలేదు. మరి రక్షణ ఎక్కడుంది? మూడు చోట్ల. ఒకటి, 1873 నాటి బ్రిటిష్ కాలపు నిబంధన. దాని ప్రకారం బయటి రాష్ట్రాల వాళ్ళు ఇన్నర్ లైన్ పర్మిట్ (ఐఎల్‌పీ) లేకుండా అరుణాచల్‌లో అడుగుపెట్టకూడదు. రెండు, లోయ అంచున ఉన్న తాలే అభయారణ్యం, 337 చదరపు కిలోమీటర్లు. మూడోదే అన్నిటికన్నా గట్టిది: భూమి, వెదురుతోపు, అడవి ఏది ఎవరిదో, ఎవరు ఎంత కొట్టుకోవచ్చో అపతానీ వంశాలకూ ఊరి పెద్దల సభలకూ ఉన్న కట్టుబాటు. ఆ పెద్దల సభను ‘బుల్యాంగ్’ అంటారు. మీరు వెళ్ళేది ఆ కట్టుబాటు నడిచే చోటికి. టికెట్ కొని గేటు దాటే పార్కుకు కాదు.

మొదటి అడుగు: నెల తేల్చుకోండి

జనవరి, ఫిబ్రవరి వదిలేయండి. రాత్రిళ్ళు సున్నా దగ్గరికి పడిపోతుంది, పొలాల్లో చూడ్డానికి ఏమీ ఉండదు. మార్చిలో మ్యోకో పండుగ వస్తుంది. ఊళ్ళు మూడు జట్లుగా వంతులు వేసుకుని, ఒక్కో ఏడు ఒక్కో జట్టు జరుపుతుంది. ఇంటింటికీ అతిథులు, పందుల బలి, పూజారి గంటల తరబడి చేసే పఠనం. బలి చూడలేని వాళ్ళు ఈ నెల పెట్టుకోవద్దు. చూడగలిగితే అంత దగ్గరగా ఒక సమాజాన్ని చూసే అవకాశం మళ్ళీ రాదు.

ఏప్రిల్, మే నాట్ల కాలం. నారు పీకడం, నాటడం ఎక్కువగా ఆడవాళ్ళ పని. మడుల్లో నీళ్ళు అద్దంలా నిలిచి ఉంటాయి. ఫొటోలు తీసేవాళ్ళకు ఇంతకంటే మంచి సమయం లేదు. జూన్ నుంచి వానలు గట్టిగా పడతాయి. కొండచరియలు విరిగి రోడ్డు ఆగిపోతే సెలవులు అయిపోతాయని టెన్షన్ పడేవాళ్ళు ఈ నెలల్లో వెళ్ళకండి. జులై 5న ద్రీ పండుగ. పైరుకు పురుగూ తెగులూ పట్టకుండా కాపాడమని వేడుకునే పండుగ అది. వచ్చినవాళ్ళందరికీ దోసకాయ పంచుతారు. తొలకరి తర్వాత మన ఊళ్ళలో బోనాలు ఎత్తినట్టే, భయమూ ఆశా కలిసిన రోజు.

నా ఓటు సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మూడో వారం దాకా. వరి పసుపు రంగుకు తిరుగుతుంది, కోతలు మొదలవుతాయి, ఆకాశం తేటగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: 2012 నుంచి సెప్టెంబరు చివరలో జిరోలో పెద్ద సంగీతోత్సవం జరుగుతోంది. ఆ నాలుగు రోజులూ గది దొరకదు, సుమో దొరకదు. సంగీతం కోసం వెళ్తే సరే. పొలం కోసమైతే అది ముగిసిన వారం తర్వాత వెళ్ళండి.

రెండో అడుగు: పర్మిట్

అరుణాచల్ ప్రభుత్వ ఈ-ఐఎల్‌పీ వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే దరఖాస్తు చేయొచ్చు. ఫొటో, గుర్తింపు కార్డు, ఎక్కడ ఉంటారు, ఎన్ని రోజులు. అంతే. ఏజెంటుకు డబ్బులు ఇవ్వాల్సిన పని లేదు.

తెలుగువాళ్ళకు చిక్కు వచ్చేది ఇంటిపేరు దగ్గర. ఆధార్‌లో ఒక్క అక్షరం ఇంటిపేరు, పాన్‌లో పూర్తి ఇంటిపేరు, రైలు టికెట్‌లో అసలు ఇంటిపేరే లేదు. మా బాపుది సరిగ్గా ఇదే కేసు. దరఖాస్తులో ఏ కార్డు ఎక్కించారో ఆ కార్డు మీద ఉన్నట్టే, అక్షరం మార్చకుండా, చుక్క కూడా వదలకుండా పేరు కొట్టండి. చెకింగ్ దగ్గర అదే కార్డు చూపించండి. పర్మిట్ రెండు కాపీలు ప్రింటు తీసుకోండి. తెల్లవారుజామున, సగం నిద్రలో, ఫోన్ చార్జింగ్ లేకుండా రైలు దిగుతారు. కాగితం ఉంటే పని అవుతుంది. తేదీలు అటూ ఇటూ రెండు రోజులు ఎక్కువ పెట్టుకోండి. కొండదారి మన ప్లాన్ ప్రకారం నడవదు.

కుటుంబంలో విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళుంటే, అంటే అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నయ్యో వదినో వస్తే, వాళ్ళకు ఈ పర్మిట్ చాలదు. రక్షిత ప్రాంత పర్మిట్ వేరే ఉంది, దాని నిబంధనలు వేరు. కనీసం నెలన్నర ముందు మొదలుపెట్టండి.

మూడో అడుగు: దారి

హైదరాబాద్ నుంచి గువాహటికి నేరుగా విమానం ఉంది, సుమారు మూడు గంటలు. రైల్లో అయితే సికింద్రాబాద్ నుంచి రెండు రోజులకు పైనే. పిల్లలూ పెద్దవాళ్ళూ ఉంటే ఆ సాహసం వద్దు. గువాహటి నుంచి రాత్రి దోన్యి పోలో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి అరుణాచల్‌లోని నాహర్లగున్‌లో దిగుతారు. రైలు ఎక్కే స్టేషన్ కామాఖ్యా, గువాహటా అనేది టికెట్ మీద చూసుకోండి. రెండూ ఒకే ఊళ్ళో ఉన్నాయి గానీ రాత్రి ట్రాఫిక్‌లో ఒకదాని నుంచి ఇంకోదానికి పరుగెత్తడం సరదా పని కాదు.

ఇంకో దారి ఈటానగర్ దగ్గర హోలోంగిలోని దోన్యి పోలో విమానాశ్రయం. 2022 నవంబరులో మొదలైంది. కోల్‌కతా లాంటి చోట మారి వెళ్ళాలి. రాత్రి రైలు బాధ తప్పుతుంది. కానీ చిన్న విమానాశ్రయం కాబట్టి వాతావరణం బాగాలేక విమానం రద్దయితే వెంటనే ఇంకోటి దొరుకుతుందన్న ధీమా పెట్టుకోవద్దు.

నాహర్లగున్ నుంచి హపోలికి వంద కిలోమీటర్ల పైచిలుకు. నాలుగైదు గంటలు పడుతుంది. షేర్ సుమోలు పొద్దున్నే బయలుదేరుతాయి. మధ్యాహ్నం దాటాక ఆశ వదులుకోవాలి. మొదటిసారి నేను స్టేషన్ బయట తీరిగ్గా టీ తాగి, ఫోటోలు తీసుకుని వెళ్ళేసరికి సుమోలన్నీ నిండిపోయాయి. ఒక రోజు నాహర్లగున్ లాడ్జిలో గోడలు చూస్తూ కూర్చున్నాను. రైలు దిగగానే పర్మిట్ చెకింగ్ ముగించుకుని నేరుగా సుమో కౌంటర్‌కు నడవండి. టీ ఆ తర్వాత. ముందు సీటు లేదా మధ్య వరుస అడగండి. వెనక వరుసలో మలుపులకు కడుపులో ఉన్నది నోట్లోకి వస్తుంది.

దారిలో యాజాలి దగ్గర పాన్యోర్ నది మీద జలవిద్యుత్ ఆనకట్ట కనిపిస్తుంది. అక్కడి నుంచి గాలి మారుతుంది, పైన్ చెట్లు మొదలవుతాయి. ఒక మలుపు దాటగానే కొండల మధ్య బల్లపరుపుగా లోయ తెరుచుకుంటుంది. సుమారు 1,500 మీటర్ల ఎత్తులో ఇంత చదును నేల చూసి బాపు అన్న మొదటి మాట: “గుట్ట మీద గింత మాగాణి ఎట్ల వచ్చిందిరా?”

నాలుగో అడుగు: బస హోటల్లో కాదు, ఊళ్ళో

హపోలిలో హోటళ్ళున్నాయి. కానీ హోంగ్, హారి, హిజా, దుత్తా, బుల్లా, మూదాంగ్ తాగే, బామిన్ మిచి లాంటి పాత ఊళ్ళలో ఇళ్ళ వాళ్ళే హోమ్‌స్టేలు నడుపుతున్నారు. అక్కడ దిగండి. ఇంటి మధ్యలో పొయ్యి ఉంటుంది. సాయంత్రం అందరూ దాని చుట్టూ చేరతారు. పొలం గురించి మీకు తెలిసేదంతా ఆ పొయ్యి దగ్గరే.

ఫోన్లో మాట్లాడేటప్పుడు మూడు విషయాలు అడగండి: వేడినీళ్ళు బకెట్‌లోనా గీజర్‌లోనా, భోజనం ధరలో కలిసి ఉందా, మిమ్మల్ని పొలాల్లో తిప్పడానికి ఇంట్లో ఎవరైనా ఉన్నారా. మూడోదే ముఖ్యం. హిందీ అందరికీ వస్తుంది. మన హైదరాబాదీ హిందీతో పని జరుగుతుంది, ‘నక్కో’ దగ్గర మాత్రం ఆగి చూస్తారు.

డబ్బు నగదుగా కాస్త ఎక్కువే ఉంచుకోండి. ఏటీఎంలు హపోలిలోనే.

సామాను: అక్టోబరుకు కూడా స్వెటర్, గొడుగు కాదు రెయిన్‌కోటు, పట్టు ఉన్న బూట్లు, రెండు జతల అదనపు సాక్స్, టార్చి. గట్ల మీద చెప్పులు వద్దు.

ఐదో అడుగు: బయలుదేరే ముందు ఒక హైదరాబాదీ కథ

జిరోకూ మనకూ ఒక పాత బంధం ఉంది. క్రిస్టొఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త నిజాం రాజ్యానికి వచ్చి నల్లమలలో చెంచుల మధ్య, గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య, ఆదిలాబాద్‌లో గోండుల మధ్య పని చేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆయనది శత్రుదేశపు పాస్‌పోర్టు. దాంతో హైదరాబాద్ సంస్థానం దాటి ఎక్కడికీ పోలేని స్థితి. అలాంటి మనిషినే 1944లో బ్రిటిష్ ప్రభుత్వం సుబన్‌సిరి ప్రాంతానికి ప్రత్యేకాధికారిగా పంపింది. ఆయన, భార్య బెట్టీ అప్పుడే అపతానీ లోయలో ఉండి అక్కడి జీవితాన్ని వివరంగా నమోదు చేశారు. తర్వాత తిరిగి వచ్చి నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా, ఉస్మానియాలో ఆచార్యుడిగా పని చేశారు.

ఆయన తీసిన వేలాది ఫొటోలు లండన్‌లోని సోయాస్ సంస్థ దగ్గరున్నాయి, ఆన్‌లైన్‌లో చూడొచ్చు. నాకు పనికొచ్చిన చిట్కా ఇదే. అపతానీ లోయ ఫొటోలు నాలుగైదు ఫోన్‌లో దించుకుని వెళ్ళండి. పొయ్యి దగ్గర ముసలాయనకు చూపించండి. ఇది ఎవరి మడి, ఈ పైన్ తోపు ఇప్పుడుందా, ఈ ఇల్లు ఏ వైపుది అని ఇంట్లో వాదన మొదలవుతుంది. మీరు ప్రశ్నలు వేయాల్సిన పని ఉండదు. మేము పడుకునేసరికి పదకొండు.

ఆరో అడుగు: పొలం చూడటం నేర్చుకోండి

ఇక్కడ ఒక పూట చాలదు. కనీసం రెండు పొద్దుటిపూటలు పెట్టుకోండి. తూర్పు మూల కాబట్టి అక్టోబరులో ఐదుకల్లా తెల్లవారుతుంది, సాయంత్రం ఐదుకే చీకటి. మన అలవాటు ప్రకారం ఎనిమిదికి లేచి పదికి బయటపడితే రోజులో సగం పోయినట్టే.

మొదట గట్టు చూడండి. గట్లు ఎత్తుగా, వెడల్పుగా, నున్నగా మెత్తి ఉంటాయి. మన దగ్గర గట్టు మీద కంది పెట్టినట్టు, వాళ్ళు గట్ల మీద చిరుధాన్యం నాటుతారు. బాపు ఒక కంకి చేతిలోకి తీసుకుని, “తైదలు కదరా ఇవి!” అన్నాడు. అవును, మన రాగులే. అపతానీలో ‘సార్సె’ అంటారు. చల్లరు. నారు పోసి, తెచ్చి గట్టు మీద వరుసగా నాటుతారు. వేళ్ళు గట్టును పట్టి ఉంచుతాయి, కోతకు గింజ కూడా వస్తుంది.

తర్వాత మడిలోకి చూడండి. నడిమధ్యలోనో గట్టు వెంబడో కాస్త లోతైన కాలువ కనిపిస్తుంది. అది చేపల కోసం. 1960ల నుంచి ఇక్కడ వరిలో చేపలు పెంచడం ఊపందుకుంది. ఎక్కువగా మనం బంగారుతీగ అనే చేప. నాట్లు పడ్డాక పిల్లలను వదులుతారు. కలుపు తీయడానికి నీళ్ళు తగ్గించినప్పుడు చేపలు ఆ కాలువలోకి చేరతాయి, మళ్ళీ నీళ్ళు పెట్టగానే మడంతా తిరుగుతాయి. పురుగును, కలుపు మొలకలను తింటాయి, వాటి పెంట వరికి ఎరువు. పంట తయారయ్యే ముందు నీళ్ళు తీసేసి చేపలు పడతారు. ఒకే మడిలో బియ్యం, చేప, గట్టు మీద రాగి. ఈ సంగతి చదవడం వేరు. బురదలో చెయ్యిపెట్టి చేపను తీస్తున్న మనిషిని చూడటం వేరు.

మూడోది నీరు. లోయ మధ్య కిలె నది పోతుంది. కానీ మడులకు నీళ్ళు ఎక్కువగా అడవి నుంచి దిగే వాగుల నుంచే. వాగుకు వెదురు, కర్ర, రాళ్ళతో చిన్న అడ్డుకట్ట వేసి, కాలువలోకి మళ్ళించి, ఒక మడి నుంచి ఇంకో మడికి దించుతారు. గట్టులో దూర్చిన వెదురు గొట్టమో, తొలిచిన దుంగో తూము పని చేస్తుంది. ఆ గొట్టానికి గడ్డి కుక్కితే నీళ్ళు ఆగుతాయి, తీస్తే పోతాయి. కాలువ బాగుచేయడం ఆ కాలువ కింద పొలాలున్న వాళ్ళందరి ఉమ్మడి పని, దాన్ని చూసుకునే పెద్ద ఒకరు ఉంటారు. బాపుకు ఇది వివరించాల్సిన పని పడలేదు. “నీరటికాడన్నట్టు” అన్నాడు, అంటే చెరువు నీళ్ళు మడులకు పంచే మనిషి. మన చెరువుల కింద నీరటి పోయి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టుకుంటూ కాసేపు అక్కడే కూర్చున్నాడు.

ఇక ఎడ్లు. బాపు మొదటి పూట నుంచీ వెతుకుతున్నవి అవే. సంప్రదాయ అపతానీ సేద్యంలో నాగలి లేదు, దున్నే పశువు లేదు. పారలు, చెక్క పనిముట్లు, మనిషి నడుము. మిథున్ అనే అడవిదున్న లాంటి పెద్ద జంతువు ఉంది గానీ అది అడవిలో తిరుగుతుంది. పాలకూ కాదు, నాగలికీ కాదు. పండుగల్లో బలికి, పెళ్ళి ఒప్పందాలకు, పరువుకు. ఎరువు మాటకొస్తే ఊక, గడ్డి, బూడిద, పందుల పెంట, వంటింటి చెత్త. వాన నీటితో పాటు ఊళ్ళోని మురుగు కిందనున్న మడుల్లోకి దిగేలా కట్టుకున్నారు. ఊరికి దగ్గర మడి బలంగా ఉంటుంది, అడవి అంచు మడికి కుళ్ళిన ఆకులు ఎరువుగా వస్తాయి.

కోత రోజుల్లో పొలంలోనే వరి పనలు కొట్టి గింజ రాలుస్తారు. వీపు మీద వెదురు బుట్టల్లో గాదెలకు చేరవేస్తారు. గాదెలు ఇళ్ళ పక్కన ఉండవు, ఊరి చివర వరుసగా ఉంటాయి. ఇళ్ళు వెదురువి, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి నిప్పు అంటుకుంటే వాడకు వాడ పోతుంది. తిండిగింజలైనా మిగలాలని గాదెలు దూరంగా పెట్టుకున్నారు.

గట్టు మీద నడిచే పద్ధతి కూడా చెప్పాలి. ఒకరి వెనక ఒకరు. ఎదురుగా బుట్టతో మనిషి వస్తుంటే మీరే ఆగి, పక్కకు ఒదిగి దారివ్వాలి. రాగి మొక్కలు తొక్కవద్దు. కొత్తగా మెత్తిన గట్టు ఎక్కవద్దు. రీలు కోసం గట్టు అంచున నిలబడి వెనక్కి జరిగిన ఒక కుర్రాడు గట్టు పెళ్ళతో సహా మడిలో పడటం నేను చూశాను. అతనికి బట్టలు ఉతుక్కునే పనే మిగిలింది. ఆ గట్టు పూడ్చడానికి ఒకావిడకు గంట పట్టింది. తూము గొట్టాలు ముట్టుకోవద్దు, పిల్లలకు ఈ మాట రెండుసార్లు చెప్పండి. కోతలో చెయ్యి వేస్తామని అడిగితే నవ్వుతూ కొడవలి ఇస్తారు. పది నిమిషాలు కోసి తిరిగి ఇచ్చేయండి, వాళ్ళకు పని ఉంది. బాపు మాత్రం రెండు గంటలు కోశాడు. ఆయన చేతివాటం చూసి ఇక ఎవరూ నవ్వలేదు.

ఏడో అడుగు: ఊళ్ళో మసలుకోవడం

వెదురు ఇళ్ళ మధ్య వీధులు ఇరుకు. వాకిళ్ళ ముందు వెదురుతో, ఈకలతో, గుడ్ల పెంకులతో కట్టిన చిన్న పందిళ్ళ లాంటివి కనిపిస్తాయి. అవి పూజలకు కట్టినవి, దిష్టిబొమ్మలు కావు. ముట్టుకోవద్దు, ఆనుకోవద్దు. తెల్లజెండా మీద ఎర్రసూర్యుడు కనిపిస్తే ఆ ఇంటివాళ్ళు సూర్యచంద్రులను కొలిచే దోన్యి-పోలో విశ్వాసం వాళ్ళు. వాడ మధ్య చెక్కలతో వేసిన పెద్ద అరుగు ‘లపాంగ్’. మన రచ్చబండ అనుకోండి. కూర్చునే ముందు అడగండి.

ముసలమ్మల ముఖం మీద పచ్చబొట్టు గీతలు, ముక్కుకు రెండు వైపులా బిళ్ళలు ఉంటాయి. 1970లలో ఈ ఆచారాన్ని అపతానీ యువతే ముందుకొచ్చి ఆపించింది, అందుకే ఇప్పుడు పెద్దవయసు వాళ్ళలోనే కనిపిస్తుంది. జిరోకు వచ్చే కెమెరాల్లో సగం ఈ ముఖాల కోసమే వస్తాయి. నాకు అది నచ్చదు. మా నానమ్మ నుదుటి మీదా చేతుల మీదా పచ్చబొట్లుండేవి. తెలియనివాడు వచ్చి మొహంలో మొహం పెట్టి క్లిక్ క్లిక్ అనిపిస్తే మేం ఊరుకునేవాళ్ళమా? ముందు పక్కన కూర్చోండి, మాట్లాడండి, తర్వాత అడగండి. వద్దంటే వద్దు. డబ్బులిస్తామని బేరం పెట్టకండి. ఆ బిళ్ళలు ఎందుకు పెట్టుకునేవారో ఇంటర్నెట్‌లో ఒక కథ తిరుగుతుంది, దాన్ని ఆవిడ ముందే నిజమేనా అని అడగకండి.

ఎనిమిదో అడుగు: తోపులు, అడవి

ఊరి అంచున కంచె వేసిన వెదురుతోపులూ నీలి పైన్ తోపులూ ఉంటాయి. చూడ్డానికి అడవిలా ఉంటాయి గానీ ఒక్కోటి ఒక్కో ఇంటి సొత్తు, నాటి పెంచినవి. ఇంటికీ కంచెకూ బుట్టకూ ఇక్కడి వెదురే. దీనివల్లే పైన వాగులు పుట్టే అడవి మీద గొడ్డలి తక్కువ పడుతుంది.

తాలే అభయారణ్యానికి హపోలిలోని అటవీశాఖ ఆఫీసులో అనుమతి తీసుకుని, స్థానిక గైడును పెట్టుకోండి. పాంగే అనే చోటు వరకు ఒక రోజులో పోయి రావచ్చు. లోపల తాలే దాకా అయితే గుడారంతో రెండు మూడు రోజులు. సీతాకోకచిలుకల మీద మనసున్న వాళ్ళకు ఇది పుణ్యక్షేత్రం. అరుణాచల్ రాష్ట్ర సీతాకోకచిలుక కైసర్-ఇ-హింద్ ఇక్కడ కనిపిస్తుంది, అదృష్టం ఉంటే. వానాకాలం జలగలు ఖాయం. సాక్స్‌ను ప్యాంటు పైకి లాగండి, ఉప్పు పొట్లం జేబులో ఉంచండి.

దేవుడి దర్శనం లేకుండా ఇంట్లో పెద్దవాళ్ళు తృప్తి పడరు కాబట్టి: హపోలి దగ్గర కార్డోలో 2004లో బయటపడ్డ సుమారు 25 అడుగుల సహజ శివలింగం ఉంది. ఒక గంట చాలు.

తొమ్మిదో అడుగు: తిండి

అన్నం దిగులు లేదు, మూడు పూటలా అన్నమే. కూరల్లో మాత్రం కారం, పోపు, చింతపండు ఉండవు. వెదురు మొలకలు, ఆకుకూరలు, పొగబెట్టిన మాంసం, ఉడకబెట్టిన చేప. ‘పికే పిలా’ అనే కూరలో పంది మాంసం, వెదురు మొలకలతో పాటు ‘తప్యో’ పడుతుంది. మొక్కలు కాల్చిన బూడిద నుంచి తీసే ఉప్పు అది. బయటి ఉప్పు అందని రోజుల్లో కనిపెట్టుకున్నది, రుచి కొంచెం వగరు. శాకాహారులు, పందిమాంసం తిననివాళ్ళు బుక్ చేసేటప్పుడే స్పష్టంగా చెప్పండి. వచ్చాక చెబితే ఇంటివాళ్ళు ఇబ్బంది పడతారు. చిన్న సీసా ఆవకాయ, కారప్పొడి తీసుకెళ్ళండి. మేం దిగిన హోమ్‌స్టే ఇంటావిడ ఆవకాయ ఒక ముక్క తిని, నీళ్ళు తాగి, మళ్ళీ ఒక ముక్క తీసుకుంది.

బియ్యంతో చేసే బీరు మర్యాదగా ఇస్తారు. తాగనివాళ్ళు నవ్వుతూ రెండు చేతులూ జోడిస్తే చాలు. బాపు ఒక గ్లాసు తాగి, “మన కల్లుకు చెల్లె అవుతది” అని తీర్పు చెప్పాడు. కివీ తోటలు కూడా ఉన్నాయి, పండ్లకు అక్టోబరు చివర నుంచి సీజన్.

పదో అడుగు: రోజుల లెక్క, తిరుగు దారి

హైదరాబాద్ నుంచి హైదరాబాద్‌కు ఎనిమిది రోజులు పెట్టుకోండి. మొదటి రోజు విమానం, రాత్రి రైలు. రెండో రోజు మధ్యాహ్నానికి హపోలి, సాయంత్రం విశ్రాంతి. మూడు, నాలుగు రోజులు పొలాలు, ఊళ్ళు. ఐదో రోజు పాంగే. ఆరో రోజు ఖాళీగా వదలండి. వాన పడినా, బడలిక వచ్చినా, ఎవరైనా ఇంటికి రమ్మన్నా ఈ రోజే అక్కరకొస్తుంది. ఏడో రోజు పొద్దున్నే సుమో, రాత్రి రైలు. ఎనిమిదో రోజు గువాహటి నుంచి మధ్యాహ్నం తర్వాతి విమానమే బుక్ చేయండి, రైలు ఆలస్యమైనా అందుతుంది. తిరుగు సుమో సీటు మాత్రం హపోలిలో దిగిన రోజే చెప్పి పెట్టుకోండి. పండుగ రోజులకు ముందూ వెనకా ఇది మరీ ముఖ్యం.

వచ్చాక ఓపిక ఉంటే ఇంకో చిన్న ప్రయాణం చేయండి. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో మార్లవాయి అనే గోండు గ్రామం ఉంది. హైమెన్‌డార్ఫ్ దంపతులు నివసించిన ఊరు, గోండు టీచర్లకు శిక్షణ మొదలైన ఊరు. 1987లో హైదరాబాద్‌లో కన్నుమూసిన బెట్టీ సమాధి అక్కడే ఉంది. ఏటా జనవరి 11న ఆ ఊరివాళ్ళు అక్కడ చేరతారు. ఉట్నూరు వైపు నుంచి కారులో వెళ్ళొచ్చు.

మేము బయలుదేరే రోజు పొద్దున ఇంటావిడ బాపు చేతిలో గుప్పెడు రాగి గింజలు పెట్టింది. ఆయన వాటిని తువ్వాలు కొంగున ముడేసుకుని విమానం ఎక్కాడు. తర్వాతి వానాకాలం మా మడిగట్టు మీద నారు పెట్టాడు. మొక్కలు మోకాలెత్తు వచ్చాయి, కంకి వేయలేదు. “చల్లదనం లేదు కదా” అని, మళ్ళీ కంది పెట్టాడు.